అగ్రరాజ్యానికి పంచనామా

జగిత్యాల డిగ్రీ కాలేజీలో వారానికి నాలుగు దేశాలు నడిపినవాణ్ణి నేను. సోమవారం బ్రిటన్, మంగళవారం అమెరికా, బుధవారం సోవియట్ యూనియన్, గురువారం స్విట్జర్లాండ్. శుక్రవారం బంద్. ఎవరు పిలిచిన బంద్ అని అడక్కండి. ఒక వారం విద్యార్థులు పిలిచేవారు, ఇంకో వారం ఆ విద్యార్థులను పట్టుకపోయినందుకు ఇంకెవరో పిలిచేవారు, మరో వారం ఎవరూ పిలవకపోయినా అలవాటు కొద్దీ బంద్ అయ్యేది. రాజనీతిశాస్త్రం లెక్చరర్ ఉద్యోగం అప్పట్లో అలా ఉండేది.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, అమెరికా పని అయిపోయినట్టేనా, మళ్ళీ లేస్తదా? పిల్లలు రోజూ అడుగుతున్నరు. ఏం చెప్పాలె?" అంది. నాకు నవ్వాగలేదు. అటువంటి ప్రశ్నకే నేను ఒకసారి మైకు ముందు, మెడలో పూలదండతో, చాలా గట్టిగా జవాబు చెప్పినవాణ్ణి. నేను బాగుపడుతుందని చెప్పిన ఆ దేశం ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. అందుకని ఆ అమ్మాయికి జవాబు చెప్పకుండా తప్పించుకున్నాను. బదులుగా ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ ఇంక్రిమెంటు వచ్చిందో, ఏ ప్రిన్సిపాల్ నా ఫైలు మీద ఎన్నాళ్ళు కూర్చున్నాడో ఇందులో ఉండదు. ఒక పోలీసు, ఒక విద్యార్థి, ఒక చచ్చిపోయిన దేశం మాత్రం ఉంటాయి.

సిరిసిల్లలో జోస్యం

మా ఆవిడది సిరిసిల్ల. మా మామకు సాంచాలు ఉండేవి. అంటే కరెంటుతో నడిచే మగ్గాలు. అంతకుముందు చేతిమగ్గం ఉండేది. "చేతిమగ్గానికి సావులేదు" అని ఊరంతా చాటి, ఆ మాట ఊరు మరిచిపోకముందే అప్పుచేసి సాంచాలు కొన్న మనిషి ఆయన. జోస్యాల్లో నాకేమీ తీసిపోడు.

ఆయనే నన్ను నేత కార్మికుల హాలుకు ఉపన్యాసానికి పిలిపించాడు. సోవియట్ యూనియన్‌లో అప్పుడు కొత్త నాయకుడు వచ్చి మార్పులు మొదలుపెట్టిన కాలం. పేపర్లన్నీ అదే మాట. అంత పెద్ద దేశం తనను తాను బాగుచేసుకోగలదా, లేక ఇదే ఆఖరా? కార్యకర్త మైకులో నన్ను "మన ఊరి అల్లుడు, రష్యా సారు" అని పరిచయం చేశాడు. నేను రష్యాకు కాదు గదా, అప్పటికి నాగపూర్ కూడా దాటలేదు. అయినా ఆ పేరు విన్నాక ఛాతీ కొంచెం ఉబ్బింది. ఉబ్బిన ఛాతీలోంచి సరైన మాటలు రావు. "ఇంటి కిటికీలు తెరిచారు. గాలి వస్తుంది. ఈ అగ్రరాజ్యం మునుపటికన్నా బలంగా లేస్తుంది. రాసిపెట్టుకోండి!" అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఇంటికి వెళ్తుంటే మామ అన్నాడు: "అల్లుడా, గాలి సంగతి మంచిగనే చెప్పినవు. గని సాంచ నడుస్తుంటె కిటికి తెరిస్తె పోగులు తెగుతయి బిడ్డా."

"మామా, దేశం సాంచ కాదు" అన్నాను.

"గది గూడ నిజమే" అని ఒప్పుకున్నాడు పెద్దమనిషి. ఆయనకు గెలవాలనే పట్టుదల ఉండేది కాదు, అన్నం వేళ దాటకుండా ఇల్లు చేరితే చాలు.

కొత్తవాళ్ళకు ఇక్కడ ఒక్కటే చెబుతాను. దండ వేస్తే వేసుకోండి. కానీ మెడలో దండ ఉన్నంతసేపు ఏ దేశం ఆయుష్షు గురించీ మాట్లాడకండి.

పాలు తెచ్చే పోలీసు

ఆ రోజుల్లో జగిత్యాలలో లెక్చరర్ ఇంటికి ఎవరు వస్తున్నారన్నది పెద్ద విషయం. పోలీసు వస్తే పొద్దుగూకేసరికి ఇన్‌ఫార్మర్ అని పేరు పడేది. విద్యార్థి సంఘం పిల్లలు వస్తే తెల్లారేసరికి అన్నల, అంటే నక్సలైట్ల, మనిషి అని స్టేషన్‌కు కబురు పోయేది. ఎవరూ రాకపోతే, "గాయిన ఇంటికి ఎవలూ పోతలేరు, ఏందో ఉన్నది" అనేవారు. మా అద్దె ఇంటికి ముందొక తలుపు, వెనకొక తలుపు ఉండటం నా పూర్వజన్మ సుకృతం.

అటువంటి రోజుల్లో టౌన్ స్టేషన్ కానిస్టేబుల్ రాజమల్లు నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చాడు. వెల్గటూర్ వైపు మనిషి. పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ప్రైవేటుగా బీఏ కట్టి అన్నీ పాసై, ఒక్క నా సబ్జెక్టులో తప్పాడు. అది కూడా ఒకసారి కాదు. నాలుగు దేశాల రాజ్యాంగాల పేపరు అతనికి కొరకరాని కొయ్యగా మారింది.

"డిగ్రీ చేతికస్తె వేరే డిపార్ట్‌మెంటుల క్లర్కు నౌకరికి రాసుకుంట సార్" అన్నాడు.

"పోలీసులోనే పైకి పోవచ్చు కదా?"

"పైకి పోవుడు జల్దిగనే అయితది సార్, గదే భయం" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. "నా తోటి నౌకరిల భర్తి అయినోళ్ళల్ల ఇద్దరు పోయిండ్రు. నా పెండ్లాం రోజు నా మొఖం సూసి ఏడుస్తది. గీ బట్టలు నా చేతులతోని నేనే ఇప్పాలె సార్. ఇంకెవలో ఇప్పద్దు."

ఆ మాట తర్వాత కాదనడానికి నాకు మనసొప్పలేదు. కానీ అతను మా ఇంటికి రావడమెట్లా? ఉపాయం అతనిదే. మఫ్టీలో, భుజం మీద తువ్వాలతో, చేతిలో పాల క్యానుతో సాయంత్రం వెనక తలుపు నుంచి వచ్చాడు. మా ఆవిడ క్యాను మూత తీసి చూసింది. ఖాళీ.

"ఉట్టి క్యాను పట్టుకొని రోజు అస్తె ఎదురింటోళ్ళు సూడరా? పాలు దెచ్చి పొయ్యి. లేకుంటె రాకు" అంది.

పాపం, ఆ రోజు నుంచి స్టేషన్ దగ్గర ఎవరి దగ్గరో పాలు కొని, మా ఇంట్లో పోసి, పాఠం విని వెళ్ళేవాడు. డబ్బులిస్తే ఫీజు కింద ఉంచుకోమనేవాడు. మా ఆవిడ మాత్రం అతను పోలీసన్న సంగతి ఎప్పుడో మరిచిపోయింది. "నిన్న నీళ్ళు కలిసినయి" అని చెడామడా కేకలేసేది. ఊరంతా ఖాకీని చూసి గోడ పక్కకు ఒదుగుతున్న రోజుల్లో, మా వంటింటి గుమ్మం దగ్గర ఒక కానిస్టేబుల్ చేతులు కట్టుకొని, "రేపు మంచిగ తెస్తనమ్మా" అనేవాడు.

చదువులో అతనిది వేరే దారి. ఏ దేశాన్నైనా అనుమానితుణ్ణి చూసినట్టే చూసేవాడు. బ్రిటన్‌లో రాణి ఉంటుంది గానీ అధికారం ఉండదని చెబితే, "మా స్టేషన్ల జీపు అసొంటిది సార్, ఉన్నది గని నడువది" అని వెంటనే పట్టుకున్నాడు. స్విట్జర్లాండ్‌లో మూడు నాలుగు భాషలవాళ్ళు గొడవ పడకుండా ఉంటారంటే అసలు నమ్మలేదు. "కొట్టుకోరా? ఏందో దాస్తున్నరు సార్" అన్నాడు. సోవియట్ రాజ్యాంగంలో ప్రతి రిపబ్లిక్‌కూ విడిపోయే హక్కు రాసి ఉందని చెప్పినప్పుడు చాలాసేపు ఆలోచించాడు.

"మరి ఎవలన్న విడిపోయిండ్రా?"

"లేదు. పుస్తకం ప్రకారం ఎవరూ కోరుకోలేదు."

"మా ఠాణ తలుపు గూడ తెరిచే ఉంటది సార్. లోపలున్నోళ్ళు ఎవలూ బయటికి పోతమనరు."

ఎన్నో ఏళ్ళు ఆ పాఠం చెప్పాను. అంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకు ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకలేదు.

గంగారాం వచ్చిన సాయంత్రం

గంగారాం కోరుట్ల దగ్గరి పల్లె పిల్లవాడు. బీఏ ఆఖరి సంవత్సరం, సంఘం నాయకుడు. క్లాసుకు తక్కువ వచ్చేవాడు, వచ్చిన రోజు మాత్రం నాకంటే ఎక్కువ మాట్లాడేవాడు. నిజం చెప్పాలంటే నాకంటే బాగా మాట్లాడేవాడు. హాజరు తక్కువై పరీక్షకు కూర్చోనిచ్చేది లేదని ఆఫీసువాళ్ళు అంటే, ఆ సంగతి మాట్లాడటానికి ఒక సాయంత్రం వెనక తలుపు తోసుకొని లోపలికి వచ్చాడు. రాజమల్లు చాప మీద కూర్చొని ఉన్నాడు. ఒక పక్క పాల క్యాను, ఒళ్ళో సోవియట్ రాజ్యాంగం.

నేను గబుక్కున ఇద్దరి మధ్య నిలబడ్డాను.

"ఈయినె ఎవలు సార్?"

"మాకు పాలు పోస్తాడు. ప్రైవేటుగా బీఏ రాస్తున్నాడు" అన్నాను. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు.

గంగారాం రాజమల్లు తల వైపు చూశాడు. "పాలాయినెకు గింత పొట్టి కటింగ్ ఎందుకో?"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది: "బర్రె దుడ్డె నెత్తి నాకుతదని కటింగ్ జేపిచ్చుకున్నడు తమ్మీ. కూసో, చాయ్ పెడుతున్న."

గంగారాం కూర్చున్నాడు. పుస్తకం లాక్కొని పేజీలు తిప్పాడు. "గిదంత ఎందుకు చదువుతున్నవన్నా? సోవియట్ సచ్చి మస్తు ఏండ్లాయె. మీ సారుకు కబురందలే."

అన్నలను అభిమానించే పిల్లల సిద్ధాంతం అది. ఆ దేశం ఎప్పుడో దారి తప్పింది, పైన ఎర్రరంగు మిగిలింది కానీ లోపల ప్రాణం లేదని వాళ్ళు వాదించేవారు. రష్యాను పల్లెత్తు మాట అననివ్వనిది మా సర్కారు పాఠ్యపుస్తకం ఒక్కటే. ఇది బయటివాళ్ళకు చెబితే నమ్మేవారు కాదు.

రాజమల్లు వేషం మరిచిపోయాడు. వీపు నిటారుగా చేసి అడిగాడు: "ఎప్పుడు సచ్చింది? ఏ జాగల? సూసినోళ్ళు ఎవలు?"

"అబ్బో, పాలాయినె గట్టిగనే అడుగుతున్నడు!"

"శవం ఏది మరి?"

"శవం ఇంక నడుస్తనే ఉన్నదన్నా."

"నడిచేదాన్ని శవమని రాస్తె పంచనామల పంచులు దస్కతు పెట్టరు."

పంచనామా మాట పాలవాడి నోట్లోది కాదు. నేను గోడ వైపు చూశాను, రాజమల్లు క్యాను వైపు చూశాడు. గంగారాం మాత్రం పడీ పడీ నవ్వాడు. నవ్వి, చాయ్ తాగి, ఇంకో గంట అతనితో వాదించి, లేచాడు. గడప దగ్గర ఆగి నాతో అన్నాడు: "సార్, పాలాయినె మంచోడే. గని నీళ్ళు కలుపుతె మాకు ఎర్కయితది. జర చెప్పుండ్రి."

ఆ వారమంతా నేను ప్రతి చప్పుడుకూ లేచి కూర్చున్నాను. ఏమీ జరగలేదు. గంగారాం ఎవరికీ చెప్పలేదు. మరుసటి వారం అదే సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఈసారి హాజరు కోసం కాదు, వాదన సగంలో ఆగిందని. అలా కొన్నాళ్ళు మా ఇంట్లో ఒక పోలీసు సోవియట్ యూనియన్‌ను వెనకేసుకొస్తుంటే, ఒక నక్సలైటు అభిమాని దాన్ని తిట్టిపోసేవాడు. మధ్యలో మా ఆవిడ, "మీ ఇద్దరి లొల్లిల పాలు పొంగినయి" అనేది. నా ఉద్యోగంలో నేను చూసిన అన్నిటికన్నా మంచి క్లాసు అదే. దానికి హాజరు వేసే వీలు మాత్రం లేదు.

మీ దేశం పోయిందట

ఒక పెళ్ళికి కోరుట్ల వెళ్ళి తిరిగి వస్తూ బస్టాండు దగ్గరి హోటల్‌లో చాయ్ తాగుతున్నాను. యజమాని యూసుఫ్ భాయ్‌కి తమ్ముడు దుబాయ్ నుంచి పంపిన రేడియో ఉండేది. దాంట్లో లండన్ ఉర్దూ వార్తలు పెట్టుకునేవాడు. ఆయన నా దగ్గరికి వచ్చి, మెల్లగా, "సార్, మీ ముల్క్ ఖతమైపోయిందట. పదిహేను టుకడాలు" అన్నాడు.

నేను లేచి చాయ్ పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇంట్ల మయ్యత్ అయినోళ్ళ దగ్గర తీస్కోం సార్" అన్నాడు. అది నవ్వులాటకు అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు. మొహం మాత్రం చావింటికి వచ్చినవాడి మొహంలాగే పెట్టాడు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ మంచినీళ్ళిచ్చి, "మొన్న మా ఊరికి పోయి మస్తు బాగుపడ్తదని చెప్పస్తిరి గద? ఇగ స్విట్జర్లాండు గురించి ఏం మాట్లాడకుండ్రి, పాపం" అంది.

తర్వాత మా సీఐ గారు కాలేజీకి వచ్చి విద్యార్థులకు హితబోధ చేశాడు. "వేరు మొత్తం ఎండిపోయింది. ఇగ ఇక్కడి కొమ్మలు ఎన్నాళ్ళుంటయి? బుద్ధిగ చదువుకోండ్రి" అన్నాడు. గంగారాం లేచి, "సార్, గా చెట్టుకు మాకు ఎన్కటినుంచే మాటల్లేవు" అన్నాడు. హాలంతా గొల్లుమంది. సీఐ గారికి అర్థం కాలేదు. ప్రిన్సిపాల్‌కు అర్థమై, వందన సమర్పణ మధ్యలోనే జాతీయగీతం మొదలుపెట్టించాడు.

ఆ ప్రిన్సిపాల్‌నే నేను అడిగాను, ఇక ఆ పాఠం చెప్పాలా మానాలా అని.

"సిలబస్‌ల ఉన్నదా?" అన్నాడు.

"ఉంది."

"అయితే ఉన్నది." ఆయన దృష్టిలో దేశాలు పుట్టడం, పోవడం యూనివర్సిటీ సర్క్యులర్‌తోనే జరుగుతుంది. నవ్వకండి. ఉద్యోగంలో మీకు ఇటువంటివాళ్ళే ఎక్కువ తగులుతారు. వీళ్ళతో వాదిస్తే మీ బీపీ పెరుగుతుంది, వాళ్ళది పెరగదు.

పరీక్ష

పరీక్షకు ముందు రాజమల్లు ఆఖరిసారి క్యానుతో వచ్చాడు. నేను ఖరాకండిగా చెప్పాను: "సోవియట్ మీద ప్రశ్న వస్తే పుస్తకంలో ఉన్నట్టే రాయి. బలమైన సమాఖ్య, విడదీయరాని బంధం. దిద్దేవాళ్ళకు ఇచ్చే జవాబుల నమూనా పాతదే ఉంటుంది."

"సచ్చినోన్ని బతికే ఉన్నడని రాయమంటరా సార్?"

"మార్కుల కోసం."

అతను పుస్తకం మూశాడు. "నౌకరిల గసొంటియి మస్తు రాసిన సార్. గీడ గూడ రాయాల్నా?"

"రాయాలి. నీకు డిగ్రీ కావాలి" అన్నాను. సరేనన్నట్టు తల ఊపాడు. పోలీసులు సరేనంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు.

ప్రశ్నపత్రం ఎప్పుడో తయారై సీలు వేసిన కవర్లో నిద్రపోతుండగానే బయట దేశం పోయింది. అందుకే మొదటి ప్రశ్న అలా వచ్చింది: "సోవియట్ సమాఖ్య బలాన్నీ, తనను తాను పునరుద్ధరించుకోగల శక్తినీ చర్చించండి." హాలులో రాజమల్లు ఒక బల్ల మీద, గంగారాం పక్క వరుసలో. గంగారాం అడిషనల్ షీట్లు అడుగుతూనే ఉన్నాడు. సోవియట్ ప్రశ్నకు మొదలుపెట్టిన తిట్లు ఆపలేక స్విట్జర్లాండ్ ప్రశ్నలో కూడా కొనసాగించాడని తర్వాత తనే చెప్పాడు. రాజమల్లు తొందరగా లేచిపోయాడు. వరండాలో అడిగితే, "నాకచ్చిన తీరుగ రాసిన సార్" అన్నాడు. అంటే పుస్తకంలో ఉన్నట్టు రాయలేదని అప్పుడే నాకు అర్థమైంది.

దిద్దుబాటు శిబిరం

పేపర్లు దిద్దడానికి మమ్మల్ని యూనివర్సిటీకి పిలిచారు. ఎండాకాలం, పైన తిరగని ఫ్యాన్లు. నా పక్క బల్ల లెక్చరర్ ఒక పేపరు పట్టుకొని నవ్వు ఆపుకోలేక ఊగిపోతున్నాడు. "వినండయ్యా" అని లేచి నిలబడి చదివాడు. దానిలో చాలాభాగం నాకిప్పటికీ నోటికి వచ్చు.

"మృతుని పేరు: సోవియట్ సమాఖ్య. చివరిసారి ప్రాణాలతో చూసినది: బీఏ పాఠ్యపుస్తకం. శవం ఉన్న స్థితి: పదిహేను ముక్కలు. శరీరంపై బయటి గాయాలు: లేవు. బయటివారు ఇంట్లో చొరబడిన ఆనవాళ్ళు: లేవు. తలుపుకు గడియ లోపలి నుండి ఉన్నది. ఇంట్లో దొరికిన వస్తువులు: ఆయుధాలు చాలా. రొట్టెలు తక్కువ. ఇంటివారిని విచారించగా మృతుడు చాలా రోజులుగా బాగోలేడని అందరికీ తెలుసుననీ, కానీ ఆ మాట పైకి అంటే ఇబ్బంది అని ఎవరూ అనలేదనీ చెప్పినారు. స్థలంలో ఏడ్చినవారు: ఎవరూ లేరు. ఏడ్చేవారు లేనందున ప్రాణం ఇంతకు చాలా ముందే పోయి ఉండునని పంచుల అభిప్రాయం. తిరిగి లేచే అవకాశం గురించి: ఇల్లు కాలినా గుంజలు మిగిలితే మళ్ళీ కప్పుకొనవచ్చును. గుంజలు ఎవరు పట్టుకపోయినారో తేలవలసి ఉన్నది. దర్యాప్తు సాగుతున్నది."

క్యాంపంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, లేకపోతే దొరికిపోయేవాణ్ణి. లోపల మాత్రం ఒకటే గుబులు. ఈ ప్రశ్న పోతే అతను మళ్ళీ తప్పుతాడు. మళ్ళీ తప్పితే ఇంకో ఏడాది అవే బట్టలు.

చీఫ్ ఎగ్జామినర్ మాలో పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు ఒకసారి మాస్కో చూసి వచ్చి, అక్కడ ఇచ్చిన బొచ్చుటోపీని మా ఎండల్లో కూడా పెట్టుకొని ఫొటో దిగినవాడు. గొడవ విని వచ్చాడు. "ఏమిటయ్యా?"

"సోవియట్ యూనియన్ చచ్చిపోయిందని రాశాడు సార్. సున్నా వేయమంటారా?"

"నమూనా జవాబు ఏముంది?"

"బలమైన సమాఖ్య అని."

"మరణించినట్టు యూనివర్సిటీకి అధికారికంగా సమాచారం రాలేదు" అన్నాడు పెద్దాయన. మళ్ళీ నవ్వులు. నేను ఉండబట్టలేక లేచాను. "సార్, ఇందులో తప్పు మాట ఒక్కటి చూపించండి. అప్పుడు సున్నా వేద్దాం."

పెద్దాయన నా వైపు అనుమానంగా చూసి, పేపరు తీసుకొని, నిలబడే చదివాడు. ఒకచోట ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ అక్కడే చదివాడు.

"ఒక తప్పుంది" అన్నాడు. "ఏడ్చినవారు ఎవరూ లేరట. నేను ఏడ్చాను."

ఎవ్వరూ నవ్వలేదు.

"ఆ ఒక్కదానికి రెండు మార్కులు తియ్యండి. మిగతాదానికి వెయ్యండి" అని పేపరు బల్ల మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

అమెరికా గురించి అడిగిన అమ్మాయికి నేను చెప్పగలిగింది ఇంతే. దేశాలు పడిపోతాయనేవాళ్ళూ, లేస్తాయనేవాళ్ళూ చాలామంది నాలాగే శవాన్ని చూడకముందే కారణం రాసిపెట్టుకున్నవాళ్ళు. ఆ రోజు దగ్గరికి పోయి చూసి రాసినవాడు రాజమల్లు ఒక్కడే. అంతా చూసి కూడా, మళ్ళీ లేస్తుందా అన్నదానికి తెలియదని రాశాడు. ఆ ధైర్యం నాకు సిరిసిల్ల మైకు ముందు లేదు.

ఆఖరి డ్యూటీ

రాజమల్లు పాసయ్యాడు. గంగారాం తప్పాడు. వాడి పేపరు ఎవరు దిద్దారో నాకు తెలియదు. "పోనియ్యుండ్రి సార్, మల్ల రాస్త" అన్నాడు. కానీ ఆ వానాకాలం తర్వాత కాలేజీలో కనపడలేదు. లోపలికి పోయాడని పిల్లలు గుసగుసలాడుకున్నారు. లోపలంటే అడవి. వాళ్ళ నాయన ఒకసారి కోరుట్ల నుంచి వచ్చి, "మీరు చెప్తె ఇంటడు సార్" అని నా చేతులు పట్టుకున్నాడు. వాడు కనపడితే కదా చెప్పేది.

రాజమల్లు క్లర్కు ఉద్యోగం పరీక్ష రాశాడు, ఇంటర్వ్యూకు పోయాడు. చివరికి కాలువల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఆర్డరు వచ్చింది. స్టేషన్ నుంచి రిలీవ్ కావడానికి ఇంకా కొద్దిరోజులు ఉండగా, ఒక మధ్యాహ్నం అతను యూనిఫాంలోనే మా ముందు తలుపు నుంచి లోపలికి వచ్చాడు. అలా ఎన్నడూ రాలేదు. వీధంతా చూసింది.

మా ఆవిడ, "ఏందయ్యా, నౌకరి దొరికిందని పాలు బంద్ పెట్టినవా?" అంటూ బయటికి వచ్చి, అతని మొహం చూసి ఆగిపోయింది.

అతను కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. అప్పుడు చెప్పాడు. పొద్దున ఎదురుకాల్పులని చెప్పి ఇతన్ని పంచనామా రాయడానికి తీసుకపోయారట.

"గుర్తు తెలియని వ్యక్తి అని రాయమన్నడు సీఐ సారు. తిప్పి సూస్తె గంగారాం. 'నాకు గుర్తున్నడు గద సార్' అన్న. పేరు రాసిన, ఊరు రాసిన, నాయిన పేరు రాసిన, డిగ్రీ కాలేజీ అని రాసిన. సారు కాయిదం సింపిండు. మల్ల గదే రాసిన. మల్ల సింపిండు. మల్ల రాసిన. ఆర్డరు జేబుల ఉన్నది, నన్నేం జేస్తడు?" గ్లాసు కింద పెట్టాడు. "ఇగ కోరుట్లకు కబురు పోయింది సార్. వాళ్ళ నాయిన వస్తున్నడు. పేరు లేకుంటె మున్సిపాలిటోళ్ళే మట్టిల పెట్టేటోళ్ళు."

నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను.

చాలాసేపటికి రాజమల్లు అడిగాడు: "సార్, పిల్లగానికి బీఏ అయిందా?"

"ఒక్క పేపరు మిగిలింది."

"ఏది సార్?"

గుమ్మంలో నిలబడి మా ఆవిడ చెప్పింది.

"గీ సారుదే తమ్మీ."

రాజమల్లు లేచి, చొక్కా మీది నంబరు బిళ్ళ తన చేతులతోనే విప్పుకున్నాడు. దాన్ని జేబులో వేసుకొని, గంగారాం వాళ్ళ నాయన దిగే బస్సుకు ఎదురుపోవాలని బస్టాండు వైపు నడిచాడు. నేను చెప్పులు వేసుకొని అతని వెంట వెళ్ళాను.